ప్రాణవాయువును కొలుచు మూత్రపిండము

లడాఖ్‌లోని లేహ్ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. మైదాన ప్రాంతము నుండి విమానములో పోయి అక్కడ దిగినవానికి మొదటి రెండు రోజులు నాలుగు మెట్లెక్కినను ఆయాసము వచ్చును. అక్కడి గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గలేదు. గాలి ఒత్తిడియే తక్కువ. అందుచేత ప్రతి శ్వాసతోను లోనికి పోవు ప్రాణవాయువు, సముద్రతీరమున నివసించువానికి అందుదానిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. కొన్ని వారములు గడచిన పిదప అదే మనిషి రక్తమును పరీక్షించినచో ఎర్ర కణముల సంఖ్య పెరిగియుండును. 1890లో వియో అను ఫ్రెంచి వైద్యుడు పెరూ దేశపు పర్వతములపై ఈ మార్పును తన రక్తమునందే గమనించెను.

ఈ పని ఎవరు చేయించుచున్నారు? గాలిని పీల్చునవి ఊపిరితిత్తులు. రక్తమును తోయునది గుండె. ఎర్ర కణములు తయారగునది ఎముకల మూలుగలో. కాని కొరతను కనిపెట్టి, ఇంకను కణములు కావలెనని మూలుగకు కబురు పంపునది ఈ మూడింటిలో ఏదియు కాదు. అది మూత్రపిండము. మూత్రమును వడపోయుటయే దాని వృత్తి అని మనము అనుకొందుము. రక్తమునందలి ప్రాణవాయువును కొలుచుట దాని రెండవ వృత్తి.

ఈ రెండవ వృత్తి రెండు విధములుగా చెడవచ్చును. మూత్రపిండములు క్రమముగా పాడైనవారిలో కబురు సన్నగిలిపోవును. మూలుగ చేతులు ముడుచుకొని కూర్చుండును. రోగి పాలిపోయి, నాలుగడుగులు వేయుటకు కూడ ఓపిక లేనివాడగును. మరికొందరిలో మూత్రపిండముననే కాన్సరు పుట్టి, ప్రాణవాయువు కావలసినంత ఉన్నను, "లేదు, లేదు" అని ఆ కాన్సరు కణములు ఎడతెగక కేకలు వేయుచుండును. మొదటివారికి కబురును పెంచవలెను. రెండవవారికి నోరు మూయించవలెను. రెండు పనులకును నోటితో మ్రింగదగిన చిన్న అణువులను రసాయన శాస్త్రజ్ఞులు ఇటీవల తయారుచేయగలిగిరి. ఈ వ్యాసములో ఆ రెండు మందుల పుట్టుకను గూర్చి చెప్పుదును.

కబురు మోయు పదార్థము

రక్తములో ఎర్ర కణములను పెంచు పదార్థమొకటి తిరుగుచుండవలెనని 1906లోనే పారిస్ నగరమున కార్నో, దెఫ్లాంద్ర్ అనువారు ఊహించిరి. అది ఎక్కడ పుట్టుచున్నదో తెలియుటకు మరి యాబది సంవత్సరములు పట్టినది. 1957లో షికాగోలో జేకబ్‌సన్, గోల్డ్‌వాసర్ మొదలగువారు ఎలుకల అవయవములను ఒక్కొక్కటిగా తీసివేసి చూచి, మూత్రపిండములు తీసినప్పుడే కబురు ఆగిపోవుచున్నదని తేల్చిరి. ఆ పదార్థమునకు ఎరిత్రోపోయిటిన్ అని పేరు.

దానిని శుద్ధముగా వేరుచేయుట ఇంకొక తపస్సు. మూలుగ ఎండిపోయిన రోగులలో మూత్రపిండములు నిష్ఫలముగా కబుర్లు పంపుచునే ఉండును గనుక, వారి మూత్రములో ఈ పదార్థము ఎక్కువగా ఉండును. జపానులోని కుమమోటోలో మియాకే అను వైద్యుడు అట్టివారి మూత్రమును 2,550 లీటర్లు సేకరించి, ఎండించి, అమెరికాకు తీసికొనిపోయెను. ఆయనయు, గోల్డ్‌వాసర్ బృందమును కలిసి అందులోనుండి శుద్ధి చేయగలిగినది కొద్ది మిల్లీగ్రాములు మాత్రమే. అది 1977 నాటి మాట. ఆ కొద్ది మిల్లీగ్రాముల ఆధారముతోనే దాని జన్యువు దొరికినది. జీవకణములలో దానిని పెంచి తయారుచేయు పద్ధతి వచ్చినది. 1989లో అమెరికాలో ఇది మందుగా అనుమతి పొందినది. డయాలిసిస్ రోగులకు మాటిమాటికి రక్తము ఎక్కించవలసిన అవస్థ చాలవరకు తగ్గినది.

ఇంత మేలు చేసిన మందునకు లోపమేమి? అది ప్రోటీను. నీటి అణుభారము 18, గ్లూకోజుది 180 అనుకొన్నచో, ఎరిత్రోపోయిటినుది సుమారు 30,000. ఇంత పెద్దదానిని మ్రింగినచో పప్పును, గ్రుడ్డును అరిగించినట్లే కడుపు దానిని అరిగించివేయును. కావున సూదిమందుగానే ఇవ్వవలెను; తయారైనది మొదలు రోగిని చేరువరకు చల్లగా ఉంచవలెను. ఆసుపత్రికి దూరముగా, కరెంటు వచ్చుచు పోవుచు ఉండు పల్లెలో ఇది సామాన్యమైన షరతు కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దాన ప్రాంతమున, కారణము ఇంకను తేలని మూత్రపిండ వ్యాధితో బాధపడు కుటుంబములను ఎరిగినవారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.

అయితే, ఎరిత్రోపోయిటినును బయటినుండి పోయుటకు బదులు, శరీరమే దానిని తయారుచేయునట్లు చేయగల చిన్న అణువు లేదా? ఉండవలెనన్న, ముందు ఒక ప్రశ్నకు సమాధానము కావలెను. మూత్రపిండమునకు ప్రాణవాయువు కొరత ఎట్లు తెలియుచున్నది?

వ్రాసి వెంటనే చెరిపివేయు ఆజ్ఞ

దీనికి సమాధానము కనుగొన్నందుకే 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెన్జా అను ముగ్గురికి వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. కథ సెమెన్జాతో మొదలైనది. ఎరిత్రోపోయిటిన్ జన్యువు ప్రక్కన ఒక చిన్న భాగమున్నది. ప్రాణవాయువు తగ్గినప్పుడు ఏదో ప్రోటీను వచ్చి అక్కడ కూర్చుండి జన్యువును మేల్కొలుపుచున్నది. దానికి హిఫ్ అని పేరు పెట్టిరి. హిఫ్ ఒంటరిగా పనిచేయదు. అది రెండు ప్రోటీనుల జంట. జంటలో ఒకటి ఎప్పుడును ఉండును. రెండవది మాత్రము ప్రాణవాయువు తగ్గినప్పుడే కనబడును. ఈ రెండవ దానిలో ముఖ్యముగా రెండు రకములు కలవు: హిఫ్-1, హిఫ్-2. ఎరిత్రోపోయిటిన్ విషయములో పెత్తనము హిఫ్-2ది.

చిత్రమేమనగా, ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్నప్పుడు కూడ కణము హిఫ్‌ను తయారుచేయుచునే ఉండును. అయిదు నిమిషములు గడవక ముందే నాశనము చేయుచుండును. వ్రాసిన ఆజ్ఞాపత్రమును వెంటవెంటనే చించివేయు కార్యాలయము వంటిది ఇది. దుబారా వలె తోచును గాని, ఇందులో గొప్ప సౌకర్యమున్నది. చించుట ఆపినచో చాలును. ఆజ్ఞ అప్పటికప్పుడే సిద్ధముగా ఉండును. కొత్తగా వ్రాయించుటకు వ్యవధి అక్కరలేదు.

చించు ఏర్పాటు ఇట్టిది. ఒక ఎంజైము హిఫ్ మీద ఒక ముద్ర వేయును. రసాయన భాషలో చెప్పవలెనన్న, ప్రోలీన్ అను భాగమునకు ప్రాణవాయువు పరమాణువు నొకదానిని తగిలించును. ఆ ముద్రను గుర్తుపట్టు ప్రోటీను మరొకటి ఉన్నది. దాని పేరు వి.హెచ్.ఎల్. ముద్ర కనబడగానే అది హిఫ్‌ను పట్టుకొని కణములోని చెత్తకుండీకి అప్పగించును. ముద్ర వేయుటకు కావలసిన ముడిసరుకు ప్రాణవాయువే. ప్రాణవాయువు లేనప్పుడు ముద్ర పడదు. ముద్ర పడని హిఫ్ బ్రతికి, కణకేంద్రమునకు పోయి, తన జతగానితో కూడి, జన్యువులను మేల్కొలుపును. కొలబద్ద వేరుగా లేదు. కొలువవలసిన వస్తువే ముద్రకు సిరా. 2001లో కేలిన్ బృందమును, రాట్‌క్లిఫ్ బృందమును వేర్వేరుగా ఈ సంగతిని ప్రకటించిరి.

వి.హెచ్.ఎల్. అను మూడక్షరములు ఒక జబ్బు పేరునుండి వచ్చినవి. ఫాన్ హిప్పెల్ అను జర్మను కంటి వైద్యుడును, లిండావ్ అను స్వీడిష్ వైద్యుడును ఇరవయ్యవ శతాబ్ది ఆరంభమున వర్ణించిన వంశపారంపర్య వ్యాధి యిది. దీనిలో కంటి వెనుక పొరలోను, చిన్న మెదడులోను రక్తనాళముల కంతులు లేచును. మూత్రపిండములలో కాన్సరు పుట్టును. కారణమైన జన్యువు 1993లో దొరికినది. ముద్రను గుర్తుపట్టువాడు లేకపోయినచో హిఫ్ చావదు. అది చావనంతకాలము కణము తనకు ఊపిరి అందుటలేదని భ్రమపడి, రక్తనాళములను రప్పించు పదార్థములను స్రవించుచు, పెరుగుచునే ఉండును. వంశములో ఈ జబ్బు లేనివారికి సైతము, మూత్రపిండ కాన్సరులలో అత్యధిక సంఖ్య గల స్వచ్ఛకణ కాన్సరునందు ఈ జన్యువే చాలమారు చెడిపోయియుండును. అట్టి రోగులలో కొందరికి ఎర్ర కణములు మితిమీరి ఉండుట వైద్యులు చిరకాలముగా చూచుచున్నదే. ఎందుకో ఇప్పుడు తెలిసినది.

ముద్ర వేయు చేతిని పట్టుకొనుట

రక్తహీనతతో బాధపడు మూత్రపిండ రోగికి కావలసినదేమి? ముద్ర వేయు ఎంజైమును కొంతసేపు ఆపుట. ప్రాణవాయువు ఉన్నను లేనట్లు నటింపజేయుట.

తెలియకయే ఈ పని వైద్యులు పూర్వమొకసారి చేసియుండిరి. 1950లలో రక్తహీనతకు కోబాల్టు లవణములు ఇచ్చెడివారు. ఎర్ర కణములు పెరిగెడివి. ఎంజైము నడుమ ఒక ఇనుప పరమాణువు కలదు. కోబాల్టు దాని పనికి అడ్డుతగులును. కాని కోబాల్టునకు విచక్షణ లేదు. అది గుండెకు, థైరాయిడు గ్రంథికి హాని చేయును. అందుచేత ఆ చికిత్స మూలబడినది. ఔషధ రసాయనమనగా ముఖ్యముగా ఈ విచక్షణను అణువులో పొందుపరచు విద్యయే.

ఎంజైములోని గుంట ఎట్లున్నదో స్ఫటికముల మీద ఎక్స్-కిరణములు పంపి చూచిరి. గుంట అడుగున ఇనుము. ఎంజైమునకు తోడ్పడు ఆక్సోగ్లుటారేటు అను చిన్న ఆమ్లము ఆ ఇనుమును రెండుచోట్ల పట్టుకొని, తన తోకను గుంట లోపలి గోడకు ఆనించి కూర్చుండును. ఇది మన శరీరములో ప్రతి కణమునందును ఉండు మామూలు పదార్థము. దీని వేషము వేయగల అణువును తయారుచేసినచో అది ఆ పీటమీద కూర్చుండి లేవదు, ముద్ర ఆగును.

వేషము ఎట్లు కుదిర్చిరో చూడుడు. గ్లైసిన్ అను అతి చిన్న అమినో ఆమ్లమును తోకగా అమర్చిరి. అది గోడను ఆనును. దాని ప్రక్కన రెండు పట్టుకొమ్మలు గల ఉంగరమును అమర్చిరి; అవి ఇనుమును పట్టును. ఉంగరము మిగిలిన దేహము గుంట వాకిటికి అడ్డముగా నిలచి, హిఫ్‌ను లోనికి రానీయదు. రాక్సాడుస్టాట్, డాప్రోడుస్టాట్, వాడాడుస్టాట్, డెసిడుస్టాట్ అను నాలుగు మందుల బొమ్మలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో ఉంగరములు వేరు, అలంకారములు వేరు. గ్లైసిన్ తోక మాత్రము నాల్గింటను ఒక్కటే. వేర్వేరు సంస్థల రసాయనజ్ఞులు వేర్వేరు త్రోవలలో నడచి ఒకే రేవునకు చేరిరి. రాక్సాడుస్టాట్ అణుభారము 352. ఎరిత్రోపోయిటినులో నూరవ వంతుకు కొంచెము పైన. మాత్రగా మ్రింగవచ్చును.

చిక్కు ఎక్కడ ఉన్నదనగా, ఈ ఆక్సోగ్లుటారేటును వాడుకొను ఎంజైములు మన శరీరములో అరువదికి పైగా ఉన్నవి. చర్మమునకు, ఎముకకు గట్టిదనమునిచ్చు కొలాజెన్‌ను తయారుచేయు ఎంజైము కూడ ఆ కుటుంబములోనిదే. దానినిగూడ ఆపినచో, సి విటమిను లోపించినప్పుడు చిగుళ్ళనుండి రక్తము కారు స్కర్వి వంటి బాధలు రావచ్చును. కావుననే వాకిటికి అడ్డుపడు భాగమును ఒక్కొక్క పరమాణువు చొప్పున మార్చుచు, ఒక ఎంజైమునకు సరిపడి మిగిలినవానికి సరిపడని ఆకారమునకై సంవత్సరముల తరబడి వెదకవలసివచ్చినది.

ఇనుమును పట్టు గుణమునకు ఇంట్లో కూడ ఒక ఫలితమున్నది. మూత్రపిండ రోగులు ఇనుము మాత్రలు, భాస్వరమును కట్టడిచేయు కాల్షియము మాత్రలు సాధారణముగా వాడుచుందురు. రాక్సాడుస్టాట్ వంటి మందును వానితో కలిపి మ్రింగినచో కడుపులోనే ఆ లోహములను పట్టుకొని, రక్తములోనికి పోకుండ నిలిచిపోవును. కనీసము ఒక గంట ఎడముండవలెను. డాక్టరు ఈ మాట చెప్పినప్పుడు అది చాదస్తము కాదని రోగి గ్రహించవలెను.

రాక్సాడుస్టాట్ మొదట 2018లో చైనాలో అనుమతి పొందినది. మన దేశమున అహమ్మదాబాదునకు చెందిన జైడస్ సంస్థ రూపొందించిన డెసిడుస్టాట్ 2022లో అనుమతి పొందినది. ఈ రెంటిని వారమునకు మూడుమార్లు ఇత్తురు. నడుమ రోజులలో హిఫ్ తగ్గుటకు వ్యవధి దొరకును. ఒక విశేషము చెప్పక తప్పదు. ఈ తరగతికి చెందిన తొలి అణువులలో ఒకదానిని, మూత్రపిండములు రెండును తీసివేయబడిన రోగులకు ఇచ్చి చూడగా, వారి రక్తములో సైతము ఎరిత్రోపోయిటిన్ పెరిగినదని 2010లో తెలిసినది. కాలేయము ఆ పనిని చేయగలదు, పిండదశలో చేయుచుండినదే. మూత్రపిండములు మిగిలియున్న డయాలిసిస్ రోగులలో ఇంకను ఎక్కువగా పెరిగినది. అనగా చెడిపోయిన మూత్రపిండములోని ఆ కణములు చచ్చిపోలేదు, నిద్రించుచున్నవి.

ఎంత పెంచిన అంత మేలా? కాదు. ఈ పాఠమును వైద్యలోకము సూదిమందుతోనే నేర్చుకొన్నది. 2009లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో మధుమేహము, మూత్రపిండ వ్యాధి కలిగిన 4,038 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టునకు హిమోగ్లోబినును 13 వరకు పెంచుటకై మందు ఇచ్చిరి. రెండవ జట్టునకు మరీ తగ్గినప్పుడు మాత్రమే ఇచ్చిరి. మొదటి జట్టులో 101 మందికి పక్షవాతము వచ్చినది. రెండవదానిలో 53 మందికి. చిక్కబడిన రక్తము గడ్డకట్టును. మాత్రలకును ఈ భయము తప్పదు. ఈ కారణముననే 2021లో అమెరికా అధికారులు రాక్సాడుస్టాట్‌ను అనుమతింపలేదు. తరువాత అదే తరగతికి చెందిన మరి రెండింటిని డయాలిసిస్ రోగులకు మాత్రమే, గట్టి హెచ్చరికతో అనుమతించిరి. సూదికంటె మాత్ర సులభమనుట నిజము. సూదికంటె మాత్ర క్షేమమని చెప్పుటకు ఆధారము చాలదు.

మరి కాన్సరు మాట? చావని హిఫ్ మూత్రపిండ కాన్సరునకు మూలమని పైన చెప్పితిమి. అట్టి హిఫ్‌ను మందుతో బ్రతికించుట నిప్పుతో చెలగాటము కాదా? ఇది న్యాయమైన సందేహము. ప్రకృతి చేసిన ఒక ప్రయోగము ఇక్కడ కొంత వెలుగు చూపును. రష్యాలో వోల్గా నది ఒడ్డున చువాష్ ప్రజలలో కొన్ని కుటుంబములకు వి.హెచ్.ఎల్. జన్యువులో ఒక స్వల్పమైన లోపము రెండువైపుల నుండి సంక్రమించును. పుట్టినది మొదలు వారిలో హిఫ్ కొంచెము హెచ్చుగా ఉండును. ఎర్ర కణములు మితిమీరును; రక్తము గడ్డకట్టి కొందరు చిన్న వయసుననే మరణింతురు. కాని ఆ వంశవ్యాధిలోని కంతులు, కాన్సరులు వారిలో కనబడవు. హిఫ్ కొంచెము పెరుగుట వేరు, అదుపు పూర్తిగా తప్పుట వేరు అని దీనివలన తోచుచున్నది. అయినను కాన్సరు ఉన్నవారికి ఈ మాత్రలు ఇచ్చుటకు వైద్యులు వెనుదీయుదురు. వారు చేయుచున్నది సబబే అని నా అభిప్రాయము. పదేండ్ల, ఇరువదేండ్ల వాడుక తరువాత గాని ఇట్టి విషయములు తేటపడవు.

గోడలోని గుంట

ఇక రెండవ రోగి. ఇతనిలో ముద్ర సరిగానే పడుచున్నది, గుర్తుపట్టువాడు లేడు. పోయిన ప్రోటీనును తిరిగి తెచ్చుట చిన్న అణువునకు సాధ్యము కాదు. హిఫ్-2నే పట్టుకొనవలెను. ఇక్కడ రసాయన శాస్త్రజ్ఞులు చాలకాలము చేతులెత్తివేసిరి. ఎంజైమునకు గుంట ఉండును. గుంటకు తగిన అణువును చెక్కవచ్చును. హిఫ్ ఎంజైము కాదు. అది మరొక ప్రోటీనుతో విశాలమైన చదునుతలముల మీద అతుకుకొనును. రెండు చపాతీలు ఒకదానిమీద ఒకటి అంటుకొన్నట్లుండు ఆ చోట చిన్న అణువు ఎక్కడ పట్టు చిక్కించుకొనును? ఇట్టి ప్రోటీనులకు మందు లేదని పాఠ్యగ్రంథములలో వ్రాసెడివారు.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున, డాలస్ నగరపు విశ్వవిద్యాలయ వైద్యకేంద్రములో గార్డనర్, బ్రూయిక్ అనువారు హిఫ్-2 ముక్క నొకదానిని స్ఫటికముగా చేసి పరిశీలించిరి. 2009లో ప్రకటింపబడిన వారి ఫలితము వింతగా ఉన్నది. ప్రోటీను మధ్యలో, అతుకు తలమునకు దూరముగా, ఒక కుహరము కలదు. సామాన్యముగా ప్రోటీను లోపల ఇంత ఖాళీ ఉండదు; బస్తాలో బియ్యము వలె పరమాణువులు కిక్కిరిసి ఉండును. ఈ కుహరములో మాత్రము కొన్ని నీటి అణువులు నిలిచియున్నవి. దానికి వాకిలి కనబడదు. కాని ప్రోటీను రాయి కాదు. క్షణక్షణము కదలుచు, గోడలు విచ్చుకొని మూసికొనుచుండును. ఆ సందులో చిన్న అణువు లోనికి దూరగలదని వారు పరీక్షించి చూపిరి. దూరిన అణువు అతుకు తలమును ముట్టదు. లోపల కూర్చుండి ప్రోటీను ఆకారమును కొంచెము వంచును. వంగిన ముఖము జతగానితో సరిగా అతుకదు. హిఫ్-1లో దీనికి సాటియైన కుహరము మిక్కిలి చిన్నది. అందుచేత ఈ అణువు హిఫ్-2ను మాత్రమే పట్టును. కోబాల్టునకు లేని విచక్షణ ఇదియే.

ఈ పరిశోధన ఆధారముగా డాలస్‌లోనే పెలోటన్ అను చిన్న సంస్థ వెలసినది. వారి మొదటి అణువు రోగులలో పనిచేసినది గాని, ఒకరికి చాలినంత మందు రక్తములో నిలువగా మరొకరికి నిలువకపోయెను. అణువులో ఒక హైడ్రాక్సిల్ సమూహము ఉన్నది. కుహరములో పట్టునకు అది అవసరము, తీసివేయరాదు. కాలేయమేమో దానినే గుర్తించి, దానికొక చక్కెర ఆమ్లమును తగిలించి, మూత్రములోనికి పంపించుచున్నది. కొందరి కాలేయము ఈ పనిలో చురుకు, కొందరిది మందము.

రసాయనజ్ఞులు చేసిన మార్పు వినుటకు స్వల్పము. హైడ్రాక్సిల్ ప్రక్కనున్న కర్బనముమీద రెండు ఫ్లోరిన్ పరమాణువులు ఉండెను. వానిలో ఒకదానిని పొరుగు కర్బనముమీదికి మార్చిరి. పరమాణువుల సంఖ్య మారలేదు, అణుభారము మారలేదు. ఒక ఫ్లోరిన్ ఒక మెట్టు జరిగినది. అంతటితో కాలేయపు ఎంజైమునకు పట్టు సడలినది, కుహరములో పట్టు బిగిసినది. కాని ఆ ఒక్క జరుగుటవలన అణువులో మూడు కర్బనములకు కుడియెడమల భేదము ఏర్పడినది, ఎనిమిది రూపములు సాధ్యములు, కావలసినది ఒక్కటే. ఆ ఒక్కదానినే తయారుచేయు మార్గమును కనుగొనుట కాగితముమీద బొమ్మ గీసినంత సులభము కాదు. ఆ అణువే బెల్జుటిఫాన్. అణుభారము 383.

వి.హెచ్.ఎల్. వంశవ్యాధి వలన మూత్రపిండ కాన్సరు వచ్చిన 61 మందికి రోజునకు 120 మిల్లీగ్రాముల చొప్పున దీనిని ఇచ్చిన ఫలితములు 2021లో వెలువడినవి. సుమారు సగము మందిలో కంతులు చెప్పుకొనదగినంతగా కుదించుకొనిపోయినవి. ఈ వ్యాధి గలవారికి జీవితమంతయు ఒక కంతి తరువాత మరొక కంతి లేచుచుండును. ప్రతిసారియు కత్తి పడును. కోయగా కోయగా మిగులు మూత్రపిండమెంత? చివరకు డయాలిసిస్ గతియగును. కత్తిని కొన్నేండ్లు వాయిదా వేయగల మాత్ర వారికి ఎట్టిదో ఊహించుకొనవచ్చును. ఆ యేడే అమెరికాలో అనుమతి లభించినది.

వంశవ్యాధి లేక, ముదిరిన మూత్రపిండ కాన్సరు గల సామాన్య రోగుల సంగతి ఇంత ఆశాజనకము కాదు. ఇతర మందులు విఫలమైనవారిపై జరిగిన పెద్ద పరీక్షలో ఐదింట ఒకరికి కంతి తగ్గినది. పోల్చి చూచిన పాత మందుతో నూటికి నలుగురికైనను తగ్గలేదు. కొందరిలో వ్యాధి ముదురుట ఆలస్యమైనది. కాని మొత్తముమీద రోగుల ఆయుర్దాయము పెరిగినదని గణాంకములు నిశ్చయముగా చూపలేదు. 2023 డిసెంబరులో వారికిని అనుమతి ఇచ్చిరి.

దుష్ఫలితములలో ముఖ్యమైనది ఏమైయుండును? పాఠకుడు ఈపాటికి ఊహించియుండును. రక్తహీనత. ఆ 61 మందిలో పదింట తొమ్మండుగురికి వచ్చినది; ఎక్కువమందికి స్వల్పముగానే. హిఫ్-2 నోరు మూసినచో ఎరిత్రోపోయిటిన్ తగ్గకుండునా? మొదటి మందు మేలు చేయుచోటనే రెండవ మందు కీడు చేయుచున్నది. కొందరికి రక్తములో ప్రాణవాయువు కూడ తగ్గును. గర్భిణులు దీనిని ఎట్టి పరిస్థితులలోను వాడరాదు. గర్భస్థశిశువు పెరుగుదలకు హిఫ్ అవసరము.

మరియొక సంగతి. కొంతకాలము పనిచేసిన పిదప కొందరి కాన్సరు ఈ తరగతి మందులకు లొంగుట మానినది. అట్టి ఒక రోగి కంతిలోని హిఫ్-2 జన్యువును చదివి చూడగా ఒక్క అక్షరము మారియున్నది. దానివలన ప్రోటీనులో 323వ స్థానముననున్న గ్లైసిన్ పోయి గ్లుటామిక్ ఆమ్లము వచ్చినది. గ్లైసిన్ అమినో ఆమ్లములన్నిటిలో చిన్నది. దానికి ప్రక్కకొమ్మ లేదు. గ్లుటామిక్ ఆమ్లమునకు పొడవైన కొమ్మ కలదు. అది కుహరములోనికి చొచ్చుకొనివచ్చి ఆ ఖాళీని ఆక్రమించినది. మందు కూర్చుండుటకు చోటు లేదు. జతగానితో అతుకుటకు మాత్రము ఏ ఆటంకమును లేదు. ఈ మారిన కుహరమునకు సరిపడు అణువునకై, కుహరముతో పనిలేకుండ హిఫ్-2 తయారీనే ఆపు ఇతర పద్ధతులకై ఇప్పుడు వెదకుచున్నారు.